డిపార్చర్ అనే మాట ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి. ఓ మధ్యాహ్నం మా టీమ్ లీడర్‌కి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగాలేదట, ఆయన ఉన్నపళంగా ఊరికి బయలుదేరారు. సాయంత్రం క్లయింటుతో కాల్ ఉంది, ఆయన రాలేరని మెయిల్ పెట్టే పని నా మీద పడింది. మంచి ఇంగ్లిష్ రాయాలని "డ్యూ టు ద సడెన్ డిపార్చర్ ఆఫ్ అవర్ టీమ్ లీడ్" అని మొదలుపెట్టాను. పది నిమిషాల్లో అవతలి నుంచి ఫోన్లు. ఆయన రాజీనామా చేసేశారని ఒకరు అనుకున్నారు, ఇంకొకరు గొంతు తగ్గించి, ఆయనకి ఏమైనా అయిందా అని అడిగారు. మా మేనేజర్ రాత్రి దాకా అందరికీ సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. నా వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, స్పెల్లింగు తప్పు లేదు, నిఘంటువు తీసి చూస్తే అర్థం కూడా సరిపోతుంది. అయినా ఆ మాట అక్కడ పెట్టాల్సింది కాదు. "అవర్ టీమ్ లీడ్ హ్యాడ్ టు లీవ్ ఎర్లీ టుడే" అని రాసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఈ మాట దగ్గర మనకే ఎక్కువ తికమక ఎందుకొస్తుందో ముందు చూద్దాం. ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు మనం "వెళ్తాను" అనం, "వెళ్లొస్తాను" అంటాం, తెలంగాణలో "పోయొస్త" అంటారు. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి "పోతున్నా" అని కేకేస్తే "పోతున్నా ఏంటి, పోయొస్తా అను" అని మా నాన్నమ్మ దిద్దేది, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు దిద్దే ఉంటారు. అంటే తిరిగి రావడం మన క్రియలోనే కలిసి ఉంది. డిపార్చర్‌లో అది లేదు. అది వెళ్లడం ఒక్కటే చెప్తుంది, వచ్చే సంగతి చెప్పదు, పైగా దాని పక్కన మనిషి పేరు పెట్టామా, ఇక రారేమో అన్న వైపుకి మొగ్గుతుంది. మా క్లయింటు కంగారు పడింది అందుకే.

కాబట్టి మాట ఎంచుకునే ముందు నేను నాలుగు సంగతులు అడుక్కుంటాను. వెళ్లేది మనిషా, బండా? తిరిగి వస్తారా, రారా? తమంతట తామే వెళ్తున్నారా, ఎవరైనా పంపించేస్తున్నారా? ఒక్కరా, గుంపా? వీటికి జవాబు తెలిస్తే సరైన మాట చాలావరకు దానంతట అదే దొరుకుతుంది.

ముందు లీవ్‌తో చెప్పగలరేమో చూడండి

మాట్లాడే ఇంగ్లిష్‌లో డిపార్చర్ అవసరం చాలా తక్కువ. "ఆఫ్టర్ యువర్ డిపార్చర్ ఐ కాల్డ్ హిమ్" అని ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడేవాళ్లు అనరు, "ఆఫ్టర్ యూ లెఫ్ట్" అంటారు. స్నేహితుడిని "వాట్ ఈజ్ యువర్ డిపార్చర్ టైమ్ ఫ్రమ్ హోమ్" అని అడగక్కర్లేదు, "వెన్ ఆర్ యూ లీవింగ్" చాలు. మనుషుల సంగతి అయితే క్రియ, టైమ్‌టేబుల్ సంగతి అయితే నామవాచకం, సగం తప్పులు ఈ ఒక్క అలవాటుతో పోతాయి.

లీవ్ వాడేటప్పుడు మాత్రం ఒక చోట జాగ్రత్త. మనం "విజయవాడకి బయలుదేరాను" అంటాం కాబట్టి ఆ "కి"ని టుగా మార్చి "ఐ లెఫ్ట్ టు విజయవాడ" అనేస్తాం. అక్కడ టు కాదు, ఫర్: "ఐ లెఫ్ట్ ఫర్ విజయవాడ". అలాగే "హైదరాబాద్ నుంచి" అన్నప్పుడు ఆ "నుంచి"ని ఫ్రమ్ చేసి "లెఫ్ట్ ఫ్రమ్ హైదరాబాద్" అంటాం, ఊరు వదిలి వెళ్లడమే చెప్పాలంటే ఫ్రమ్ అక్కర్లేదు, "లెఫ్ట్ హైదరాబాద్" సరిపోతుంది. కంపెనీ మానేసినా అంతే, "హీ లెఫ్ట్ ద కంపెనీ", మధ్యలో ఏమీ వద్దు. రెండూ కలిపితే "ఐ లెఫ్ట్ హైదరాబాద్ ఫర్ విజయవాడ". ఇదే సంగతి డిపార్చర్‌తో చెప్తే ఫ్రమ్ మళ్లీ వచ్చి చేరుతుంది, "డిపార్చర్ ఫ్రమ్ హైదరాబాద్", "డిపార్చర్ ఫర్ విజయవాడ". ఇది రెండు మూడుసార్లు పైకి చదువుకుంటేనే నోటికి పడుతుంది.

పలకడం గురించి కూడా ఒక మాట. పిక్చర్, నేచర్ చివర ఎలా పలుకుతామో అలాగే చర్, బరువు పార్ మీద పడాలి. డిపార్చూర్ అని సాగదీయకండి.

బండ్లూ విమానాలూ

ఇక్కడ మాత్రం డిపార్చర్‌కి తిరుగులేదు. శంషాబాద్‌లో పై అంతస్తుకి ఎక్కే దారిలో డిపార్చర్స్ అని బహువచనంలో కనిపిస్తుంది, అక్కడి నుంచి వెళ్లే విమానాలన్నిటికీ కలిపి పెట్టిన పేరు అది. మీ ఒక్క విమానం గురించి చెప్తే ఏకవచనం, "మై డిపార్చర్ ఈజ్ ఎట్ సిక్స్" అనొచ్చు, "మై ఫ్లైట్ ఈజ్ ఎట్ సిక్స్" అంటే ఇంకా హాయిగా ఉంటుంది.

మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు, ఈ మాటని సరిగ్గా అర్థం చేసుకోవాలి. టికెట్ మీద డిపార్చర్ 6.00 అని ఉంటే ఆరింటికి గేటు దగ్గర ఉంటే చాలని కాదు. ఆరింటికి విమానం నిలబడిన చోటు నుంచి కదులుతుందని. గేటు అంతకంటే ముందే మూసేస్తారు, దేశంలో తిరిగే విమానాలకి మామూలుగా 25 నిమిషాల ముందు. బోర్డింగ్ టైమ్ అని బోర్డింగ్ పాస్ మీద వేరే ఉంటుంది, మీరు చూడాల్సింది అదే. ఇక టేకాఫ్ అంటే చక్రాలు నేల వదలడం, అది డిపార్చర్ టైమ్ తర్వాత పది నిమిషాలకి కావచ్చు, రద్దీ ఉంటే అరగంటకీ కావచ్చు. "టేకాఫ్ ఎన్నింటికి" అని అడిగితే వచ్చే జవాబు మీకు పనికిరాదు. బోర్డు మీద ఎస్‌టీడీ అని ఉంటే ముందే అనుకున్న సమయం, ఈటీడీ అంటే ఆలస్యమైనప్పుడు అంచనాగా చెప్పే కొత్త సమయం.

రాకెట్‌కి డిపార్చర్ వాడరు. 2023 జులై 14న మధ్యాహ్నం 2.35కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 వెళ్లింది కదా, దాన్ని లాంచ్ అంటారు, నేల వదిలిన ఆ క్షణాన్ని లిఫ్టాఫ్ అంటారు. మన పేపర్లు "నింగిలోకి దూసుకెళ్లింది" అంటాయి, అది బాగుంటుంది.

రైల్వే స్టేషన్లో "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని వినబడే మాటే డిపార్చర్‌కి అసలైన తెలుగు అని నా అభిప్రాయం. హిందీలో ప్రస్థాన్ అని ఉంటుంది కాబట్టి కొందరు అనువాదాల్లో తెలుగులోనూ ప్రస్థానం అని దించేస్తుంటారు. మనం ఇప్పుడు "సినీ ప్రస్థానం", "రాజకీయ ప్రస్థానం" అంటూ ఏళ్ల తరబడి సాగిన నడకకి ఆ మాట వాడుకుంటున్నాం, బస్సు బయలుదేరే టైముకి అది అతకదు.

ఆఫీసులో

మనుషులకి డిపార్చర్ వాడే ముఖ్యమైన చోటు ఇదే. "ఫాలోయింగ్ ద డిపార్చర్ ఆఫ్ అవర్ సీఈఓ" అని కంపెనీ ప్రకటన వస్తే ఆయన తనే మానేశారో, మానిపించారో తెలియదు. కావాలనే తెలియనివ్వరు. ఎవరినీ నొప్పించకుండా, లోపలి సంగతి బయటపెట్టకుండా చెప్పడానికి దొరికిన మర్యాద మాట అది. కాబట్టి అలాంటి ప్రకటన చదివేటప్పుడు తొందరపడి రాజీనామా అని చెప్పేయకండి, తను రాసిచ్చి వెళ్తేనే రెజిగ్నేషన్. కంపెనీ తీసేస్తే టెర్మినేషన్, ఖర్చు తగ్గించుకోవడానికి జనాన్ని తగ్గిస్తే లేఆఫ్, వయసు అయిపోతే రిటైర్మెంట్. ఈ నాలుగింటినీ ఒకదాని బదులు ఒకటి వాడితే అవతలి మనిషి పరువుకి సంబంధించిన పొరపాటు అవుతుంది. లేఆఫ్‌లో పోయిన అమ్మాయిని "షి వాజ్ టెర్మినేటెడ్" అని రిఫరెన్స్‌లో రాస్తే, తప్పు ఆమెదే అన్నట్టు చదువుకుంటారు. చాలా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు.

మన దేశంలోనే బాగా తిరిగే మాటలు రెండున్నాయి. ఒకటి రిలీవింగ్ లెటర్. ఇక్కడ ఏ హెచ్ఆర్‌ని అడిగినా తెలుస్తుంది, బయటి దేశాల్లో వాళ్లకి అర్థం కాకపోవచ్చు, ఫలానా తేదీ దాకా పనిచేసినట్టు ధ్రువపత్రం అని విడమరిచి చెప్పాలి. రెండోది అబ్‌స్కాండింగ్. చెప్పకుండా ఆఫీసుకి రావడం మానేసినవాళ్లని మన దగ్గర హెచ్ఆర్ వాళ్లు అబ్‌స్కాండింగ్ అని రాసేస్తారు, కానీ ఆ మాటకి అసలు అర్థం పోలీసులకో అప్పులవాళ్లకో దొరక్కుండా పారిపోవడం, పేపర్లో "పరారీలో ఉన్నాడు" అంటారే, అది. పెళ్లి కుదిరో, ఆరోగ్యం బాగాలేకో రాని ఒక కుర్రాడి మీద ఆ మాట వేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. "స్టాప్డ్ కమింగ్ టు వర్క్" అని ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు.

లీవ్, సెలవు

ఈ రెండు మాటలూ ఎంత దగ్గరివో గమనించినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. లీవ్ అనే నామవాచకానికి పాత ఇంగ్లిష్‌లో అర్థం అనుమతి. వదిలి వెళ్లడం అనే అర్థంలో వాడే లీవ్ క్రియకీ దీనికీ మూలం వేరు, ఇప్పుడు స్పెల్లింగు మాత్రం ఒకటైపోయింది. మన సెలవూ అంతే కదా. "సెలవిప్పించండి" అంటే అనుమతి ఇవ్వండి అని. ఆఫీసుకి పెట్టేదీ సెలవే, ఉత్తరం చివర "ఇక సెలవు" అని రాసేదీ సెలవే. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసి రాసుకోకుండానే అనుమతి, విశ్రాంతి, వీడ్కోలు మూడింటినీ ఒకే మాటలో పెట్టుకున్నాయి.

వాడుకలో తేడా ఇది. "టేక్ లీవ్" అంటే సెలవు పెట్టడం. దాని వెనక ఆఫ్ వచ్చి "టేక్ లీవ్ ఆఫ్ సమ్‌వన్" అయితే ఒకరి దగ్గర సెలవు తీసుకోవడం, వీడ్కోలు చెప్పడం, కాస్త పాతకాలపు మర్యాద మాట. సెలవులో ఉన్నవాళ్లు ఆన్ లీవ్, ఇన్ లీవ్ కాదు. "ఐ హ్యావ్ టూ లీవ్స్ లెఫ్ట్" అని మన ఆఫీసుల్లో అందరం అంటాం, ఇక్కడ చెల్లుతుంది, బయటివాళ్లకి రాసేటప్పుడు "టూ డేస్ ఆఫ్ లీవ్" అనండి, లీవ్స్ అంటే వాళ్లకి చెట్టు ఆకులు గుర్తొస్తాయి. ఎవరికీ చెప్పకుండా మెల్లగా జారుకుంటే బ్రిటిష్‌వాళ్లు దాన్ని ఫ్రెంచ్ లీవ్ అంటారు, ఫ్రెంచివాళ్లు అదే పనిని ఇంగ్లిషువాళ్ల పేరు పెట్టి చెప్తారు.

ఎగ్జిట్

లాటిన్‌లో ఎగ్జిట్ అంటే "అతను బయటికి వెళ్తాడు" అని పూర్తి వాక్యం. నాటకాల్లో పాత్ర ఎప్పుడు తెర వెనక్కి వెళ్లాలో చెప్పడానికి రాసేవాళ్లు, మన నాటకాల్లో "నిష్క్రమించును" అని ఉంటుందే, అచ్చం అదే. అందుకే ఎగ్జిట్‌కి నిష్క్రమణ బాగా సరిపోతుంది, "టోర్నీ నుంచి నిష్క్రమణ" అని క్రీడల పేజీలో రోజూ చదువుతూనే ఉంటాం. డిపార్చర్‌లో ఎక్కడికో ఒక చోటుకి ప్రయాణం ఉంటుంది, ఎగ్జిట్‌లో గడప దాటడం ఒక్కటే ఉంటుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద దిగిపోయే దారి ఎగ్జిట్, ఓటేసి బయటికొస్తున్నవాళ్లని అడిగి చేసే సర్వే ఎగ్జిట్ పోల్, 2016 జూన్ 23న ఓటేసి 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చినదానికి బ్రెగ్జిట్ అని పేరు.

ఈ మాట బరువు బాగా తెలిసినవాళ్లు జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ వెళ్లొచ్చిన కుటుంబాలు. సౌదీలో పనిచేసేవాళ్లు ఇంటికి రావాలంటే వీసా రెండు రకాలు. సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లేటట్టయితే ఎగ్జిట్ రీ-ఎంట్రీ. అక్కడి పని పూర్తిగా ముగించుకుని వచ్చేస్తే ఫైనల్ ఎగ్జిట్. కాగితం మీద ఒక్క మాట తేడా, కింద ఒక మనిషి బతుకు మొత్తం మారిపోతుంది. చెల్లెలి పెళ్లికి నెల రోజులు వస్తున్నవాళ్లు ఆ కాగితంలో ఏ ఎగ్జిట్ ఉందో సంతకం పెట్టే ముందే చదివించుకోవాలి, చదవడం రాకపోతే రూమ్మేట్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. వెళ్లడమూ వెళ్లొస్తానూ వేరని మన ఇంట్లో నేర్పిన తేడానే అక్కడ ప్రభుత్వం రెండు కాగితాలుగా చేసి పెట్టింది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో రెండు. ఐ-94 అనే రికార్డు పూర్తి పేరులోనే అరైవల్, డిపార్చర్ ఉన్నాయి, రాకకీ పోకకీ లెక్క అది. వాలంటరీ డిపార్చర్ అంటే "నా ఇష్టంతో ఊరెళ్తున్నా" అని కాదు, వెళ్లగొట్టే ఉత్తర్వు పడకుండా సొంత ఖర్చుతో దేశం విడిచి వెళ్లడానికి ఇచ్చే చట్టపరమైన అవకాశం. ఏ ఫారంలోనైనా ఈ మాట కనిపిస్తే మామూలు ఇంగ్లిష్ అర్థంతో టిక్కు పెట్టకండి, లాయర్‌ని అడగండి.

గుంపుగా వెళ్తే

ఎక్సోడస్. బైబిల్లో ఆ పేరున్న భాగాన్ని తెలుగులో నిర్గమకాండము అన్నారు. తక్కువ రోజుల్లో ఎక్కువమంది ఒక్కసారిగా ఒక చోటు వదిలి వెళ్తేనే ఎక్సోడస్. సంక్రాంతికి ముందు పంతంగి టోల్ ప్లాజా దగ్గర విజయవాడ వైపు బారులు తీరే కార్లకి సరిపోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక నగరాల నుంచి నడిచి ఊళ్లకి వెళ్లిన కూలీల గురించి రాసినప్పుడూ అదే మాట వాడారు. పాలమూరు నుంచి ఏటా పనికోసం వెళ్లడం మాత్రం మైగ్రేషన్, వలస. ఇద్దరు ముగ్గురు ఉద్యోగం మానేస్తే ఎక్సోడస్ అనొద్దు. సైన్యం వెనక్కి వస్తే విత్‌డ్రాయల్, అసెంబ్లీలోంచి నిరసనగా బయటికొస్తే వాకౌట్, ఇది తెలుగు మాటే అయిపోయింది.

డబ్బుతో మాయమైతే? చిట్టీల కంపెనీ బిచాణా ఎత్తేసిందంటాం కదా, దానికి డీక్యాంప్ సరిగ్గా సరిపోతుంది.

ఫేర్‌వెల్, సెండాఫ్

కాలేజీలో జూనియర్లు చీరలు కట్టుకుని, గ్రూప్ ఫోటోలు దిగి చేసేది ఫేర్‌వెల్. ఇందులో ఫేర్ అంటే పాత ఇంగ్లిష్‌లో ప్రయాణించడం, బస్ ఫేర్‌లో ఉన్నది కూడా అదే. అంటే క్షేమంగా వెళ్లమని దీవెన. సెండాఫ్ అంటే సాగనంపడం, చేసేది ఉండిపోయేవాళ్లు. స్టేషన్ దాకా వెళ్లి కిటికీ దగ్గర నిలబడి రైలు కదిలేదాకా ఉండటానికి "సీ ఆఫ్" అనండి: "ఐ వెంట్ టు ద స్టేషన్ టు సీ హర్ ఆఫ్". "టు సెండ్ హర్" అంటే మీరే ఆమెని ఎక్కడికో పంపించినట్టు వస్తుంది. సాగనంపడంలో ఉన్న ఆప్యాయత ఈ సీ ఆఫ్‌లో కొంతైనా ఉంది, డిపార్చర్‌లో అసలు లేదు.

కన్నుమూసినప్పుడు

డిపార్ట్‌లో ముందు నుంచీ విడిపోవడం అనే అర్థం ఉంది. ఇంగ్లండ్ చర్చి పెళ్లి ప్రమాణంలో మరణం మమ్మల్ని విడదీసేదాకా అనే చోట విడదీయడానికి డిపార్ట్ అనే ఉండేది, 1662లో ప్రార్థన పుస్తకం సవరించినప్పుడు డూ పార్ట్‌గా మారింది. ద డిపార్టెడ్ అంటే ఇప్పటికీ చనిపోయినవాళ్లే. మన నిర్యాణం కూడా విడగొట్టి చూస్తే బయటికి వెళ్లడమే, కానీ ఇవాళ నిర్యాణం అంటే మరణం తప్ప ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. నా మెయిల్ చదివినాయన గొంతు తగ్గించింది ఇందుకే.

సంతాపం రాసేటప్పుడు తేలిక మాటలు వాడండి. "పాస్డ్ అవే" మర్యాదగా ఉంటుంది, "డైడ్" అన్నా తప్పు కాదు. డిమైజ్ ప్రకటనల్లో రాసే మాట, ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. "లెఫ్ట్ ఫర్ హెవెన్లీ అబోడ్" మనకి స్వర్గస్తులయ్యారు లాగా వినబడుతుంది, ఇంగ్లిష్‌వాళ్లకి ఆ వాడుక కొత్త. స్నేహితుడి తండ్రి పోయినప్పుడు "ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్", ఆయనతో మీకున్న ఒక జ్ఞాపకం ఏదైనా ఒక వాక్యం. అంతే రాయండి.

వెళ్లడం లేని డిపార్చర్

ఇది చాలామందికి తెలియదు, ఇంగ్లిష్ వ్యాసాల్లో మాత్రం తరచూ కనిపిస్తుంది. "ఎ డిపార్చర్ ఫ్రమ్ ట్రెడిషన్" అంటే అలవాటుగా వస్తున్న దారికి భిన్నంగా నడవడం. గిడుగు రామమూర్తి గారు బడి పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని పోరాడటం గ్రాంథికం నుంచి అలాంటి డిపార్చరే. ఇక్కడ నిష్క్రమణ అని తెలుగు చేస్తే వాక్యం కూలిపోతుంది, "పంథా మార్చారు" అంటే ప్రాణం ఉంటుంది. పాయింట్ ఆఫ్ డిపార్చర్ అంటే చర్చ ఎక్కడ మొదలుపెట్టామో ఆ చోటు, బస్టాండ్ కాదు.

ఇప్పుడు మీ మెయిల్ తెరిచి, పంపినవాటిలో డిపార్చర్ అని వెతకండి. దొరికిన ప్రతి వాక్యంలో దాన్ని తీసేసి లీవ్ పెట్టి పైకి చదవండి. విమానం, బస్సు, రైలు గురించి అయితే వదిలేయండి. మనిషి గురించి అయితే, ఆయన తిరిగి వచ్చేవారైతే, ఎప్పుడు వస్తారో కూడా అదే వాక్యంలో చేర్చండి: "హీ హ్యాడ్ టు లీవ్ ఎర్లీ, హీ విల్ బి బ్యాక్ ఆన్ మండే". వెళ్లొస్తానుని ఇంగ్లిష్‌లో చెప్పడానికి నాకు దొరికిన దారి ఇదొక్కటే.